మారి అతికిన పోగులు

“నీకేమన్న పిచ్చి లేసిందా తమ్మీ? నడుస్తున్న మగ్గం మీద పడుగు కోస్తరా ఎవరన్న?”

బాలనాగమ్మ అరుపుకు స్వరూప వంటింట్లోంచి టీ గిన్నెతోనే పరుగెత్తుకొచ్చింది.

మగ్గం గుంట అంచున ఈరన్న తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన కత్తెర. మగ్గం మీద చీర సగానికి వచ్చి ఉంది. తేనె రంగు నూలు ఒళ్ళు, ఆకుపచ్చ పట్టు అంచు. పోగులను వరుసలో పట్టి ఉంచే అచ్చుకు వెనక మాత్రం ఖాళీ. నిన్న పొద్దుగూకే దాకా బిగువుగా సాగి ఉన్న పోగులన్నీ తెగి వేలాడుతున్నాయి. కిటికీలోంచి పడిన లేత ఎండలో అవి ఊగుతుంటే నీళ్ళ అడుగున నాచు కదిలినట్టుంది.

“మాట్లాడవేం? అడిగేది నిన్నే.”

“చెయ్యి జారిందక్కా.”

“చెయ్యి జారితె ఒకటి తెగుతది, రెండు తెగుతయి. ఈ కొస నుంచి ఆ కొస దాక జారిందా నీ చెయ్యి? దానికి కండ్లు గిట్ల ఉన్నయా ఏంది?”

బాలనాగమ్మ ఈరన్నకు అక్క. మరదలికి ఒంట్లో బాగుండటం లేదని తెలిసి, శ్రీరంగాపూర్‌లో తన ఇల్లు కోడలికి అప్పజెప్పి గద్వాలకు వచ్చి ఉంటోంది. వచ్చిన నాటి నుంచి ఇంటి పనంతా ఆమెదే. ఇంటి కోపమంతా కూడా ఆమెదే.

ఈరన్న కూతురి వైపు చూడలేదు. ఆ చూడకపోవడంతోనే స్వరూపకు సంగతి అర్థమైంది.

నిన్న సాయంత్రం హైదరాబాదు నుంచి వచ్చిన తనను తండ్రి స్టేషన్లో కలిశాడు. హైదరాబాదులో అమ్మకు వైద్యం చేస్తున్న డాక్టర్ యమున చెప్పిన మాట అక్కడే చెప్పేసింది. సోమవారం అమ్మను తీసుకురమ్మన్నారు. కొత్త మందు మీద జరుగుతున్న పరిశోధనలో ఆమెకు చోటు ఉంచారు. కానీ వచ్చేలోగా ఆమెకు తన జబ్బు పేరు తెలిసి ఉండాలి. తెలియని మనిషి చేత సంతకం తీసుకోరు. ఈరన్న అంతా విన్నాడు. తర్వాత సైకిల్ తోసుకుంటూ ఇంటి దాకా ఒక్క మాట లేకుండా నడిచాడు.

తెల్లారేసరికి ఇది.

పెరటి తలుపు చప్పుడైంది. ఈరన్న భార్య జములమ్మ తడి జుట్టుకు కొంగు చుట్టుకుని లోపలికి వచ్చింది. ఈ వానాకాలంలో మనిషి చిక్కి సగమైంది. ఎడమ డొక్క ఒక్కటే ఉబ్బింది. అక్కడ చెయ్యి ఆనించుకుని నడవడం అలవాటైపోయింది. అది బల్ల అనే డొక్కవాపు అనీ, నెత్తురు తక్కువైందనీ, గోలీలు మింగితే కరిగిపోతుందనీ ఆమెకు చెప్పారు. చెప్పింది ఈరన్నే. నెత్తురులో క్యాన్సర్ అన్న మాట ఆ ఇంట్లో మిగిలిన ముగ్గురి మధ్యనే తిరుగుతోంది, అదీ గుసగుసగా.

జములమ్మ మగ్గం దగ్గర ఆగింది. అరవలేదు. వేలాడుతున్న ఒక పోగును రెండు చేతులతో పట్టి లాగి చూసింది. తెగలేదు.

“ఎందుకు కోసినవ్?”

“నూలు మంచిగ లేకుండె. ఊకె తెగుతుండె. కొత్త పడుగు తెచ్చి పెట్టిన.” ఈరన్న గోడ వైపు చూస్తూ అన్నాడు. “నువ్వు అతుకు. కుదురుగ కూసొని అతుకు. తొందరేం లేదు.”

ఆమె చేతిలోని పోగును ఇంకోసారి లాగింది. అప్పుడూ తెగలేదు.

“సరే. పొయ్యిల బూడిద తెస్త,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతికేటప్పుడు, ఆ పని చేసే మనిషికి చెడ్డ మాట చెప్పకూడదు. ఈరన్న తల్లి కాలం నుంచీ అంతే. ఎవరో పోయారన్న కబురైనా సరే, అతుకు పూర్తయ్యే దాకా గడప బయటే ఆగాలి. చెయ్యి వణికితే పోగు మారుతుంది. మారిన పోగు ఆ పడుగు ఉన్నంత కాలమూ వెంట వస్తుంది.

ఇవాళ శుక్రవారం. జములమ్మకున్న ఓపికకు ఈ అతుకు ఆదివారం పొద్దుగూకే దాకా సాగుతుంది. సోమవారం తెల్లవారుతూనే రైలు.

ఆ మౌనం కోసం ఈరన్న సగం చీరను పాడు చేసుకున్నాడు.

---

పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర స్వరూప తండ్రిని పట్టుకుంది.

“నాయినా, నువ్వెందుకు కోసినవో నాకు తెల్సు.”

“తెలిస్తె మంచిదే. మెల్లగ మాట్లాడు.”

“ఎన్ని దినాలు కోస్తవ్? అతుకు అయిపోతది. మల్ల కోస్తవా?”

“అతుకు అయినంక చెప్దాం.”

“ఎప్పుడు? రైల్లనా? నలుగురి నడుమ కూసోబెట్టి, అమ్మా నీకు క్యాన్సరని చెప్దామా? మొకం దాసుకోనీకె గూడ జాగ ఉండదు ఆడ.”

ఆ మాట వినగానే ఈరన్న ఇంటి వైపు చూశాడు. కిటికీలో ఎవరూ లేరు.

“ఆ పేరు తియ్యకు ఈ ఇంట్ల.”

“తియ్యకపోతె పోతదా?”

“ఉంటది. ఉండనీ. పేరు లేకుండ ఉండనీ.” ఆయన చెంబెడు నీళ్ళు తీసుకుని ముఖం మీద చల్లుకున్నాడు. అవి కళ్ళ కిందే ఎక్కువసేపు నిలిచాయి. “నన్ను కన్న మా అవ్వ సంగతి నీకు తెల్వదు.”

“తెల్సు. అత్త చెప్పింది.”

“చెప్తె తెల్వదు. సూడాలె.”

బాలనాగమ్మ గిన్నెలు కడగడానికి వచ్చి తొట్టి అవతల కూర్చుంది. తమ్ముడి మీది కోపం ఇంకా చల్లారలేదు. అయినా ఈసారి అతని పక్షమే మాట్లాడింది.

“ఆ దినం కర్నూలు దవాఖానల కంపౌండరు మొకం మీదనే అన్నడు, రాచపుండు అవ్వా నీకు అని. ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకుంది. మేమంత ఈ దిక్కు కూసొని అవ్వా అవ్వా అని పిలుస్తున్నం. మల్ల ఇటు తిరగలేదమ్మా. పుండు చంపలే. ఆ మాట చంపింది.”

“అప్పుడు మందు లేకుండె అత్తా. ఇప్పుడుంది.”

“ఉంటె ఇయ్యమను. గోలీ మింగనీకె పేరెందుకు? మీ నాయిన చిన్నప్పుడు ఆముదం పేరు చెప్పి తాపినమా? ముక్కు మూసి తాపినం.”

స్వరూపకు నవ్వు రాబోయి ఆగిపోయింది. “డాక్టరమ్మ ఒప్పుకోదు. ఆమెకు తెల్వకుండ ఆమె ఒంట్ల మందు పెట్టను అన్నది. ఇది పరిశోధన. ఏం జరుగుతదో చూసి రాసుకుంటరు. ఎముకల మూలుగలకు సూది దించి మల్ల మల్ల తీస్తరు. ఎందుకు తీస్తున్నరో తెల్వకపోతె అమ్మ పరేషాన్ కాదా?”

“నేను పక్కనుండి చెప్త.”

“ఏమని చెప్తవ్? బల్ల కరగనీకె అని చెప్తవా?”

ఈరన్న చెంబును తొట్టి అంచు మీద బోర్లించాడు. “తెలిస్తె సగం చస్తది స్వరూపా. మిగిలిన సగాన్ని ఏ గోలీ లేపుతది?”

పెద్దమందడి బడిలో పిల్లలకు సైన్సు చెప్పే స్వరూప, తొట్టిలో వణుకుతున్న ఆకాశాన్ని చూస్తూ నిలబడిపోయింది.

లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. పక్కింటి ఖైరున్నిసా గోడ మీదుగా ఒకసారి తొంగి చూసింది. జములమ్మ బూడిద గిన్నెతో మగ్గం వెనక కూర్చోవడం కనబడినట్టుంది, తన ఇంట్లో పాడుతున్న రేడియోను వెళ్ళి కట్టేసింది. ఎవరూ అడగలేదు. ఆ వీధిలో కొన్ని దయలు అలాగే, మాట లేకుండా వచ్చిపోతుంటాయి.

---

మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది. పెంకుల మీంచి చినుకులు ఒక్కొక్కటిగా జారుతున్నాయి. గదిలో వెలుతురు చల్లారిన పాల రంగులో ఉంది. నూలు ధూళి ఆ వెలుతురులో ఎటూ పోకుండా తేలుతోంది.

జములమ్మ నడుము వెనక దిండు పెట్టుకుని కూర్చుంది. ఎడమ చేతి వేళ్ళతో పాత కొస, కుడి చేతి వేళ్ళతో కొత్త కొస. రెండింటినీ కలిపి ఒక్క మెలి. మెలి జారకుండా వేలికి ఇంత బూడిద. మళ్ళీ ఇంకొకటి. ఆమె వేళ్ళు కదులుతున్నాయని తెలియాలంటే చాలాసేపు చూడాలి. స్వరూప ఎదురుగా కూర్చుని వరుస తప్పకుండా పోగులు అందిస్తోంది.

“రాత్రి కలొచ్చిందే,” అంది జములమ్మ. కట్టుబాటు చెడ్డ మాటకే. కలలు చెప్పుకోవచ్చు. “జూరాల డ్యామ్ గేట్లన్ని ఎత్తిండ్రు. నీళ్ళొస్తున్నయి. ఎర్రటి వాన నీళ్ళు గావు, తెల్లగ, పాల లెక్క. ఒడ్డున కూసొని చూస్తుంటే భలే మంచిగుంది ముందుగాల. మల్ల భయమైంది. ఇగ చాలు, గేట్లు ముయ్యుండ్రి అంటున్న. ఎవ్వరికీ వినపడుతలే.”

స్వరూప చేతిలోని పోగు జారింది.

తెల్లటి నీళ్ళు. డాక్టర్ యమున అన్న మాటలు చెవిలో మళ్ళీ తిరిగాయి. నెత్తురులో తెల్ల కణాలు అవసరానికి మించి పుడుతున్నాయి, ఆపమని చెప్పేవాళ్ళు లేరు అంది. పాత క్యాలెండరు కాగితం వెనక రెండు గీతలు గీసి చూపించింది. మన ప్రతి కణంలోనూ దారాల్లాంటివి ఉంటాయి. మీ అమ్మ మూలుగలో ఎక్కడో ఒక్క కణంలో రెండు దారాల కొసలు తెగాయి. తెగినవి మళ్ళీ అతుక్కున్నాయి, కానీ దీని కొస దానికీ, దాని కొస దీనికీ. ఎందుకు అని అడగకండి, మాకూ తెలియదు. ఆ ఒక్క కణం నుంచి పుట్టినవన్నీ అదే అతుకును మోసుకుంటూ వస్తున్నాయి.

ఆ మాట విన్నప్పుడే స్వరూపకు అనిపించింది, దీన్ని అమ్మకు చెప్పడానికి జబ్బు పేరు కూడా అక్కర్లేదని.

“అమ్మా, ఇట్లియ్యి. నేను కొన్ని అతుకుత.”

“నీకొస్తదా? చాన దినాలాయె.”

“వస్తది.”

తేనె రంగు నూలు అయిపోయి ఆకుపచ్చ పట్టు మొదలయ్యే చోటుకు వచ్చారు. స్వరూప పాత నూలు కొసను తీసుకుంది. దానికి కొత్త పట్టు పోగును కలిపి మెలి పెట్టింది. పక్కనున్న పాత పట్టు కొసకు కొత్త నూలు పోగును కలిపింది. బూడిద అద్దింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

జములమ్మ వంగి చూసింది. ముందు నవ్వింది. “ఏమే, కండ్లు ఏడ పెట్టినవ్? నూలుకు పట్టు కట్టినవ్, పట్టుకు నూలు కట్టినవ్. రెండు మారినయి.”

స్వరూప ఆ రెండు మెలికలనూ వేలితో ఇంకోసారి నొక్కింది.

“విప్పు. ఇప్పుడైతె ఒక్క గడియ పని. ఇడిస్తె చీర పొడుగునా వస్తది.”

స్వరూప విప్పలేదు. తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాచి, ఆమె ఎడమ డొక్క మీద, ఆ ఉబ్బు మీద, చీర పైనుంచే మెల్లగా పెట్టింది.

ఎక్కడో చినుకు గిన్నెలో పడింది. ఇంకొకటి పడే దాకా జములమ్మ కదలలేదు. నవ్వు ముఖం మీద మిగిలే ఉంది గానీ దాని వెనక మనిషి లేదు.

“ఈడనా?” అంది చివరకు.

“ఈడ గాదు. మూలుగల. నెత్తురు పుట్టే కాడ.”

“మారినయా?”

స్వరూప తలూపింది.

“ఎవరు కట్టిండ్రు గట్ల?”

“ఎవరు గాదమ్మా. దానంతటదే తెగి, దానంతటదే అతుక్కుంది.”

“నేను చేసిన పని వల్లనా? బూడిద, నూలు దుమ్ము...”

“గాదు. డాక్టరమ్మను అడిగిన. నీ తప్పేం లేదంది. ఎవరి తప్పు లేదంది.”

జములమ్మ ఆ రెండు పోగులను వేలితో తాకింది. పాపాయి చెవిని తాకినట్టు తాకింది. “పేరుంటది గద దానికి. చెప్పు.”

“అతుకు ఇంక కాలేదు గదమ్మా.”

“నేనే అడుగుతున్న గద. చెప్పు బిడ్డా.”

స్వరూప చెప్పింది. ఆ గదిలో ఆ మాట అనుకున్నంత పెద్దగా వినబడలేదు. వాన నీళ్ళు, ధూళి, వెలుతురు ఏవీ చోటు మారలేదు.

జములమ్మ గోడ వైపు తిరగలేదు. కిటికీలోంచి బయటికి చూసి, “అట్లయితె ఆ నూలు మంచిదే,” అంది. “మీ నాయిన మంచి నూలు కోసిండు.”

అప్పుడు ఏడ్చింది. సగం చీర కోసం ఏడ్చినట్టే ఏడ్చింది.

---

ఈరన్న, బాలనాగమ్మ లోపలికి వచ్చేసరికి తల్లీ కూతుళ్ళు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. పోగులు అందించేవాళ్ళు లేరు, అతికేవాళ్ళు లేరు. జములమ్మ ముఖం చూడగానే ఈరన్నకు తెలిసిపోయింది.

“చెప్పినవా?” కూతురి మీదికి వచ్చాడు. “అతుకు మీద కూసున్న మనిషికి చెప్పినవా?”

“నేనడిగిన,” అంది జములమ్మ.

“నువ్వు ఊకో. స్వరూపా, మా అవ్వ ఏమైందో అక్క చెప్పింది గద పొద్దున!”

“నేను ఇటే తిరిగి కూసున్న. చూడు.” జములమ్మ గొంతు ఎత్తలేదు. “అది చెప్పింది. విన్న. ఇప్పుడు నువ్వు చెప్పు.”

“నేనేం చెప్పాలె?”

“నాకేమైందో. ఇన్ని దినాలు నీ నోటితోనే విన్న, బల్ల అని, నెత్తురు తక్కువ అని. ఇది గూడ నీ నోటితోనే వింట.”

ఈరన్న నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. బాలనాగమ్మ అంత మనిషి కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళైన కొత్తలో భార్య పేరు పిలవడానికి సిగ్గుపడిన కుర్రవాడు ఇన్నేళ్ళకు మళ్ళీ వచ్చి ఆ గడపలో నిలబడ్డట్టుంది.

“జములా,” అన్నాడు. ఆగాడు. “క్యాన్సర్.” మళ్ళీ ఆగాడు. “నెత్తుట్ల.”

“ఆఁ,” అంది ఆమె, ఏదో అందుకున్నట్టు. “కూసో. ఎంత సేపని నిలవడ్తవ్.”

ఆయన కూర్చున్నాడు. బాలనాగమ్మ లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది, చక్కెర రెండింతలు వేసి.

“ఆ కొత్త గోలీ ఏం చేస్తది?” జములమ్మ గ్లాసు పట్టుకుని అడిగింది. “ఆ ముడి విప్పుతదా?”

“విప్పదు,” అంది స్వరూప. “ఆ ముడికి నోరుంటదంట. ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని ఎప్పుడు ఒర్రుతనే ఉంటదంట. గోలీ పోయి ఆ నోరు మూస్తదంట. అంతే. మంచి వాటి జోలికి ఎక్కువ పోదు.”

“మంచి గోలీ అది.” జములమ్మ చిన్నగా నవ్వింది. “నాకిస్తరా?”

“ఇయ్యకేం?” ఈరన్న ఊపిరి పీల్చుకుని మొదటిసారి ధైర్యంగా అన్నాడు. “గందుకే గద ఈ సంతకం, ఈ లొల్లి అంత. సోమారం పోంగనే ఇస్తరు. ఏమంటవ్ స్వరూపా?”

స్వరూప గ్లాసులోకి చూస్తోంది.

“ఏమంటవ్?”

“సగం మందికి ఇస్తరు,” అంది స్వరూప, గ్లాసులోకే. “సగం మందికి పాత మందు. రోజూ సూది. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ తీస్తది. చీటీ తీసినట్టు. డాక్టరమ్మ చేతుల గూడ ఉండదు.”

ఈరన్న గ్లాసు కింద పెట్టాడు.

“సూది పని చెయ్యకపోతె మల్ల గోలీ దిక్కు మారుస్తరు,” అని గబగబా కలిపింది. “ఏది మంచిదో వాళ్ళకు గూడ ఇంక ఖాయంగ తెల్వదు నాయినా. తెల్సుకోనీకే గిదంత.”

“నిన్న స్టేషన్ల ఇది చెప్పలే నువ్వు.”

“చెప్తె నువ్వు తోల్కపోవు.”

“పోను! ఎట్ల పోత?” ఈరన్న లేచాడు. “నా పెండ్లాన్ని చీటీల ఏస్తనా? నన్ను పొద్దుట్నుంచి దొంగను చూసినట్టు చూస్తివి. దాసిపెట్టినవ్ దాసిపెట్టినవ్ అంటివి. నువ్వు దాసింది ఏంది మరి?”

“నువ్వు దాసింది అమ్మ తాన. నేను దాసింది నీ తాన.”

“గొప్పదే లెక్క!” అంది బాలనాగమ్మ. “బిడ్డ నాయిన పోలికే అని పుట్టినప్పుడే అన్న.”

“ఇగ పోయేది లేదు. అయిపోయింది.” ఈరన్న గడప దాటబోయాడు.

“ఎవరికి అయిపోయింది?” అంది జములమ్మ.

ఆయన ఆగాడు.

“కోసినప్పుడు నన్ను అడగలే. బల్ల అన్నప్పుడు అడగలే. ఇప్పుడు పోవద్దన్నప్పుడు గూడ అడగవా?” గ్లాసు పక్కన పెట్టి, కూతురి భుజం ఊతగా లేచి నిలబడింది. “స్వరూపా, ఆ డాక్టరమ్మ ఫోన్ నంబరుందా నీ తాన?”

---

ఖైరున్నిసా భర్త దావూద్ వీధి మొదట్లో ఎస్టీడీ బూతు నడుపుతున్నాడు. అప్పుడే దీపాలు పెడుతున్న వేళ. తడిసిన బండల మీద కోట వైపు నుంచి వచ్చే గాలి, వేపాకు వాసన. ఇంటి నుంచి ఆ కాస్త దూరానికే జములమ్మకు ఆయాసం వచ్చింది. దావూద్ ఏమీ అడగకుండా తాను కూర్చున్న స్టూలు తీసుకెళ్ళి అద్దాల గదిలో పెట్టాడు. నంబరు తానే తిప్పి, వార్డులో ఎవరో ఎత్తి డాక్టర్ యమునను పిలిచే దాకా పట్టుకుని, అప్పుడు రిసీవరు ఆమె చేతికిచ్చి తలుపు వేశాడు.

“నేను గూడ లోపలికి పోత,” అంది స్వరూప.

“ఒక్కరికే జాగ ఉంది బేటీ,” అన్నాడు దావూద్.

ఈరన్న రోడ్డు అవతల నిలబడ్డాడు. రానని అన్నవాడు వెనకే వచ్చాడు.

అద్దం అవతల జములమ్మ పెదవులు కదులుతున్నాయి. ఏదో అడుగుతోంది. వింటోంది. మళ్ళీ అడుగుతోంది. అద్దం మీద ఆమె ఊపిరి మసకగా పట్టి కరుగుతోంది. ఒకసారి కళ్ళు తుడుచుకుంది. ఒకసారి, స్వరూప సరిగ్గా చూసింది, నవ్వింది. ఇంట్లో ఎవరి మాటకూ ఈ మధ్య అట్లా నవ్వలేదు.

అమ్మ ముఖం ఇంత దగ్గరగా ఉండి, ఏం వింటోందో తనకు తెలియకపోవడం స్వరూపకు కొత్తగా ఉంది. ఇన్నాళ్ళూ దవాఖాన మాటలన్నీ ముందు తన చెవిలో పడేవి, తర్వాత నాయిన చెవిలో. వడగట్టాక మిగిలింది అమ్మకు.

తలుపు తెరుచుకుంది.

“ఏమడిగినవ్ అమ్మా?”

“ఈ చీటీలు నా కోసమా, నా తర్వాత వచ్చేటోళ్ళ కోసమా అని అడిగిన.”

“ఏమన్నది?”

“నీకు ఎంత మంచి జరుగుతదో చెప్పలేను, నీ తర్వాత వచ్చేటోళ్ళకు మాత్రం మంచి జరుగుతది అన్నది. అబద్ధం చెప్పలే.” జములమ్మ గుమ్మం పట్టుకుని మెట్టు దిగింది. “ఇంకా చాన అడిగిన.”

“ఏంది?”

జములమ్మ రోడ్డు అవతలికి చూసింది. ఈరన్న రోడ్డు దాటి వచ్చాడు. “ఏమన్నది? ఏం చేద్దామంటవ్?”

“సోమారం పోత.”

“చీటీల సంగతి విన్నంక గూడనా?”

“ఇన్ని దినాలు మీరేస్తిరి చీటీలు. ఇది చెప్పాల్నా, అది దాయాల్నా అని. ఒకసారి మిషినిని ఎయ్యనీ.”

ఈరన్న తల వంచుకున్నాడు. మెత్తబడి, “సరే తియ్యి,” అన్నాడు. “సోమారం ముగ్గురం పోదాం. కిటికీ కాడ కూసుందువు.”

“ముగ్గురం గాదు.”

“మరి? స్వరూప, నువ్వా?”

“నేనొక్కదాన్నే.”

తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఒక్కసారే మాట్లాడారు. హైదరాబాదులో కాచిగూడ స్టేషన్లో దిగి ఎట్లా పోతావని ఆయన, మూలుగలో సూది పెట్టే రోజు ఒక్కతివే ఎట్లా అని ఆమె. గద్వాల దాటి జములమ్మ ఒంటరిగా ఎన్నడూ పోలేదు. రైలెక్కడానికే చెయ్యి పట్టుకోవాలి.

ఇద్దరూ అలిసేదాకా ఆమె విన్నది.

“అడుగుకుంట పోత. నోరుంది గద,” అంది. “పోయిన తాప దవాఖానల మీరిద్దరు చెరొక దిక్కు కూసుంటిరి. డాక్టరమ్మ నా సంగతంత నిన్ను చూసి ఒక మాట, దాన్ని చూసి ఒక మాట చెప్పె. నన్ను చూసి ఒక్క మాట చెప్పలే. పక్కన మీరుంటె ఆమె కండ్లు మీ దిక్కే పోతయి. ఈసారి నన్నే చూసి మాట్లాడాలె.”

“చూస్తది. మేం బయట కూసుంటం,” అన్నాడు ఈరన్న. గొంతు బతిమాలుతోంది. “గడప బయటనే కూసుంటం జములా. ఆమె ఏం చెప్పిందో నువ్వొచ్చి చెప్పుదువు.”

జములమ్మ కొంగు సవరించుకుంది. ఎడమ డొక్క మీద చెయ్యి ఆనించి ఇంటి వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. ముఖంలో కోపం లేదు. అదే ఇద్దరినీ భయపెట్టింది.

“చెప్తనో, చెప్పనో,” అంది. “మీకు ఎంత చెప్పాల్నో అది నేను చూసుకుంట.”